పెరుగు వడ్డించాక

ఆ కార్తీకం తర్వాత జగన్మోహనరావు గారు తన దగ్గర పనిచేసేవాళ్ళనెవరినీ ఇంటికి భోజనానికి పిలవలేదని విన్నాను. విని సంతోషించాను. ఇన్నేళ్ళయినా ఆ సంతోషం తరగలేదు, దాన్ని దాచుకోవాల్సిన అవసరమూ నాకు కనపడలేదు.

ఆయన కంపెనీ సింగపూర్‌లో ఆంగ్ మో కియో అనే పేటలో, ఫ్యాక్టరీల మధ్య ఒక మూడో అంతస్తులో ఉండేది. కింద ప్లాస్టిక్ మూతలు చేసేవాళ్ళు, పైన మేం వెబ్‌సైట్లు చేసేవాళ్ళం. తొంభై తొమ్మిదో సంవత్సరం అది. కీబోర్డు మీద రెండు చేతులు పెట్టడం వచ్చినవాడికల్లా విమానం టికెట్టు దొరుకుతున్న కాలం. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ మొరాయిస్తాయని సగం లోకం భయపడుతుంటే, మిగతా సగం ఆ భయం మీద ఇళ్ళు కట్టుకుంటోంది. మా చేతికి మాత్రం వేరే పని వచ్చింది. టొరంటోలో ఒక పత్రికకి ఐస్ హాకీ పేజీ చేసిపెట్టాలి.

మా ఆయన గోపీకృష్ణది తెనాలి, నాది రేపల్లె. మా ఇద్దరికీ తెలిసిన ఐసల్లా పెళ్ళిళ్ళకి రంపప్పొట్టు కప్పి రిక్షాలో తెచ్చే దిమ్మలే. అలాంటివాళ్ళం కూర్చుని, ఐసు మీద కర్రలు పట్టుకుని దూసుకుపోయే ఇరవయ్యేళ్ళ కుర్రాళ్ళ కాంట్రాక్టులు పోలుస్తున్నామంటే మా అత్తగారు ఫోనులో పగలబడి నవ్వింది. కానీ పని నిజంగా అదే. కుర్రాడి మొదటి కాంట్రాక్టు అయిపోయే వేళకి టీము దాన్ని పొడిగించాలి. ఎన్నేళ్ళకి పొడిగించారు, ఎంతకి పొడిగించారు, అదే ఈడు కుర్రాడికి పక్క టీము వాళ్ళు ఏమిచ్చారు అని అక్కడి అభిమానులు పొద్దస్తమానం వాదించుకుంటారట. పాఠకుడు ఇద్దరి పేర్లు నొక్కితే ఇద్దరి పొడిగింపులూ పక్కపక్కన వచ్చి, ఎవరు గెలిచారో ఎవరు మోసపోయారో తేలిపోవాలి.

నేను మొదట్లో ఎవడెన్ని గోల్స్ కొట్టాడో చూసి మురిసిపోయేదాన్ని. గోపీ నా కుర్చీ పక్కన నిలబడి నవ్వేవాడు.

"గోల్స్ చూసి పడిపోకే. వాడెంత మొనగాడన్నది కాదు లెక్క. రేపు వాడు రానంటే వీళ్ళకింకెవరున్నారు? అది చూడు. పొడిగింపంటే అంతే."

ఆ ఒక్క ముక్క మీదే పేజీ అంతా కట్టాడు. టొరంటో ఆయన ఫోనులో విని, మా దగ్గర పాతికేళ్ళు ఆట చూసినవాళ్ళకి కూడా ఇది తట్టలేదన్నాడు. ఆ మెప్పు జగన్మోహనరావు గారు అందుకుని జేబులో వేసుకున్నారు. మేం ఏమీ అనుకోలేదు. మమ్మల్ని పిలిపించి, ఇక్కడ పనిచెయ్యడానికి పాస్ ఇప్పించిన మనిషి, పైగా మా వైపువాడు.

ఆయనది ఒక పద్ధతి ఉండేది. కాంట్రాక్టు పొడిగింపు సంగతి ఆఫీసులో ఎత్తరు. మంచిరోజు చూసుకుని బిషాన్‌లో తన ఇంటికి భోజనానికి పిలుస్తారు. ఆయన భార్య భ్రమరాంబ ఆంటీ చేతి వంట తిన్నవాడు ఇంక వంక పెట్టలేడు. ముద్దపప్పు నుంచి మొదలుపెట్టి కొసరి కొసరి తినిపించి, పెరుగు వడ్డించాక గానీ ఆయన అసలు మాట ఎత్తరు. అప్పటికి మనిషి కడుపు నిండి, నడుం వాలి, నోట్లో వాళ్ళ అన్నం ఉంటుంది. ఇంకేం బేరమాడతాడు? ఆయన చెప్పిన ఏళ్ళకి, చెప్పిన జీతానికి తలూపుతాడు. తర్వాత నాలుగు మూలలా పసుపు రాసిన కాగితం తాంబూలంతో పాటు చేతికొస్తుంది. తడిగుడ్డతో గొంతులు కోసే రకమని ఆఫీసులో అందరికీ తెలుసు. అయినా పిలిస్తే అందరూ వెళ్ళేవాళ్ళు.

దసరాల్లో మమ్మల్ని పిలిచారు. గోపీ గడువు ముందు అయిపోతోంది, నాది నవంబరు నెలాఖరు దాకా ఉంది. గోపీ కొత్త చొక్కా వేసుకున్నాడు. రెండేళ్ళ పొడిగింపు వస్తే హౌగాంగ్‌లో ఒక గది అద్దె మానేసి చిన్న ఫ్లాట్ తీసుకుందామని బస్సులో అన్నాడు.

పులిహోర, గారెలు, గుత్తివంకాయ, గోంగూర. ఆంటీ గోపీ వెనకాలే నిలబడి, వద్దంటూ చెయ్యి అడ్డుపెట్టినా ఆ వేళ్ళ సందుల్లోంచి నెయ్యి వేసింది. పెరుగు వచ్చింది. గోపీ అన్నం కలుపుకుని రెండో ముద్ద ఎత్తాడు.

"ఏమోయ్ అల్లుడూ," అన్నారు జగన్మోహనరావు గారు, ఆవకాయలో ముక్క ఏరుకుంటూ. "నీ పొడిగింపు సంగతి ఆలోచించాను. గడువు అయిపోయింది, అంతే అనుకో. మా అక్క కొడుకు నవనీత్ వచ్చాడుగా, వాడు చూసుకుంటాడు. నీక్కూడా ఇంటి మీద బెంగగా ఉన్నట్టుంది."

నవనీత్‌ని అంతకుముందు రెండు నెలలుగా గోపీ పక్కన కూర్చోబెట్టారు. పిల్లాడికి నాలుగు ముక్కలు నేర్పవయ్యా అంటే గోపీ మనసు పెట్టి నేర్పాడు.

గోపీ చెయ్యి ఆకులో ఆగింది. నేను అతని మొహం చూడలేదు, ఆ వేళ్ళనే చూశాను. కాసేపటికి అవి మళ్ళీ కదిలాయి. పెరుగన్నం వదిలేసి లేవకూడదని మా అత్తగారు చిన్నప్పటి నుంచి నూరిపోసిన మాట. ఒక్కొక్క ముద్దా తిన్నాడు. ఆకు తుడిచినట్టు తిన్నాడు. అతను తినడం పూర్తయ్యేదాకా అందరూ కూర్చున్నారు.

లేచి చెయ్యి కడుక్కున్నాక తాంబూలం ఇచ్చారు. తమలపాకుల కింద మద్రాసుకి విమానం టికెట్టు ఉంది. దానికి కూడా నాలుగు మూలలా పసుపు రాశారు.

"థాంక్స్ అంకుల్," అన్నాడు గోపీ.

తిరుగు బస్సులో నేను ఉండబట్టలేక అడిగాను.

"ఒక్క మాటైనా అనకుండా ఎట్లా వచ్చావు గోపీ?"

"నోట్లో వాళ్ళన్నం పెట్టుకుని ఏం మాట్లాడమంటావే?" అన్నాడు. తర్వాత హౌగాంగ్ వచ్చేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

పాస్ రద్దయింది. దీపావళి లోపే గోపీ వెళ్ళిపోయాడు.

దీపావళి నాడు సెరంగూన్ రోడ్డు మీద గుడికి వెళ్ళాను. తెలుగువాళ్ళు ఓ పాతికమంది గుమిగూడి ఉన్నారు. మధ్యలో పట్టు పంచె కట్టుకుని జగన్మోహనరావు గారు. ఎవరో గోపీ ఏడని అడిగారు.

"పాపం కుర్రాడికి ఇక్కడి నీళ్ళు పడలేదండీ. ఇంటి మీద బెంగ. నేనే టికెట్టు కొని పంపించాను." నన్ను చూపించి భుజం మీద చెయ్యి వేశారు. "ఆడపిల్ల నిలబడింది గానీ మగాడు నిలబడలేకపోయాడు."

అందరూ జాలిగా నవ్వారు. నా చేతిలో చక్కెర పొంగలి ఉంది. దాన్ని ఆయన మొహాన కొట్టాలనిపించింది. ప్రసాదం కదా అని కళ్ళకద్దుకుని తినేశాను. అప్పుడే నిర్ణయించుకున్నాను, ఈ మనిషికి ఒకరోజు ఇంతకింతా వడ్డించాలని. ఎలాగన్నది మాత్రం అప్పటికి తెలియదు.

ఈ నీళ్ళు పడని కథ నా ఫోను కంటే ముందే తెనాలి చేరింది. గంగానమ్మపేటలో గోపీని చూసి "మీ ఆవిడ డబ్బు పంపిస్తోందా అల్లుడూ" అని అడుగుతున్నారట. సాయంత్రం బజారుకి వెళ్ళడం మానేశాడని మా అత్తగారు చెప్పి ఏడ్చింది. ఫోనులో నాతో గోపీ పొడిపొడిగా మాట్లాడేవాడు.

"నువ్వు గొడవలేం పెట్టుకోకు. పొడిగింపు ఇస్తే సంతకం పెట్టు. ఒక్కళ్ళమైనా నిలబడాలి," అనేవాడు. నువ్వెప్పుడొస్తావని మాత్రం ఒక్కసారీ అడగలేదు. అది నన్ను ఎక్కువ భయపెట్టింది. అట్లా ఇంకో రెండేళ్ళు సాగితే, నేను తిరిగి వెళ్ళేటప్పటికి ఆ ఇంట్లో నా మొగుడు మిగిలి ఉంటాడని నాకు నమ్మకం లేదు.

ఆఫీసులో గోపీ పని కూడా నామీదే పడింది. నవనీత్ మంచివాడే, కాదనను. చెప్పింది చేస్తాడు, చెప్పనిది అడుగుతాడు. కానీ ఆ కుర్రాళ్ళ కాంట్రాక్టుల్లో ఏ ఒక్కటీ ఇంకోదానిలా ఉండదు. ఒకడికి బోనస్ మెలిక, ఒకడికి కింది టీముకి పంపితే సగమే అనే మెలిక. దేన్ని దేనితో పోల్చాలో మనిషి కూర్చుని తేల్చాలి. గోపీ తర్వాత ఆ విద్య నా ఒక్కదానికే వచ్చు. టొరంటో ఆయన గట్టిగా చెప్పాడు, పేజీ డిసెంబరు మొదటి శుక్రవారం తెరుచుకోవాలి, అది సవ్యంగా నడిస్తేనే వచ్చే ఏడాదికి మీ కంపెనీ కాంట్రాక్టు పొడిగిస్తామని. అంటే జగన్మోహనరావు గారికి కూడా ఒక పొడిగింపు కావాలన్నమాట.

ఆ రోజుల్లో రోజూ పొద్దున్నే ఇద్దరు కుర్రాళ్ళ వార్తలు చూసేదాన్ని. ఒకడిది ఎర్ర చొక్కా టీము, ఇంకొకడిది నీలం చొక్కా టీము. ఒకే ఈడు, ఒకే రకం ఆట. ఎర్ర చొక్కావాణ్ణి టీము యజమాని వేసవిలో సరస్సు ఒడ్డున తన బంగళాకి పిలిచి, చేపలు కాల్చి పెట్టి, రెండేళ్ళ పొడిగింపు మీద చౌకగా సంతకం పెట్టించుకున్నాడు. ఎక్కడైనా ఇంతే కాబోలు అనుకున్నాను. నీలం చొక్కావాడు విందులకి వెళ్ళలేదు. సంతకమూ పెట్టలేదు. అక్టోబరులో ఆటలు మొదలైనా వాడు కదల్లేదు, వాళ్ళ నాన్న గోధుమ పొలంలో ట్రాక్టరు తోలుకుంటూ కూర్చున్నాడు. పొగరని రాశారు, విశ్వాసం లేదని రాశారు. వాడు లేని టీము వరసపెట్టి ఓడిపోతూ వచ్చింది. గోపీ లెక్క నా కళ్ళ ముందే నిజమవుతోంది. కార్తీకం మొదట్లో యజమానే ఆ పొలానికి వెళ్ళి ఐదేళ్ళ కాగితం ఇచ్చి వచ్చాడు.

ఆ వార్త పేజీలోకి ఎక్కిస్తుంటే నవనీత్ వచ్చి, "అక్కా, మామయ్య నిన్ను ఆదివారం భోజనానికి రమ్మన్నాడు," అన్నాడు.

ఆదివారం తలనొప్పి అన్నాను. ఆ తర్వాతి ఆదివారం ఆయనకి వర్జ్యమో, దుర్ముహూర్తమో ఏదో అడ్డొచ్చింది. మంచిరోజు పిచ్చి ఆయనదే గానీ నాది కాదు. గడువు దగ్గరపడే కొద్దీ ఆయనకి కంగారు పుట్టి, కార్తీక సోమవారం కంటే మంచిరోజేముంది, సాయంత్రం ఇంటికి వచ్చెయ్యమన్నారు. నేను వెంటనే సరేనన్నాను. కార్తీక సోమవారాలు నేను ఉపవాసం ఉంటాను, చుక్క చూస్తే గానీ ముట్టను అని చెప్పాను. శివభక్తుడు, కాదనలేకపోయారు. ఆంటీ అయితే పొంగిపోయింది. తనూ ఉపవాసమేనట, ఇద్దరం కలిసి చుక్క చూసి తిందామంది.

నవంబరులో సింగపూర్ ఆకాశం ఎలా ఉంటుందో అక్కడ ఒక్క వాన చూసినవాళ్ళకైనా తెలుస్తుంది. బిషాన్ బాల్కనీలో ఆంటీ దీపాలు పెట్టింది. వండినవన్నీ బల్ల మీద మూతలు పెట్టి ఉన్నాయి. పైన మబ్బు చాప పరిచినట్టు ఉంది. కూతురు శాలిని టీవీ ముందు నుంచి తల తిప్పి, "స్టార్ వేర్ గాట్, మా? జస్ట్ మకాన్ లా," అంది, చుక్కెక్కడుందమ్మా, తినేద్దాం అని. ఆంటీ కసిరింది.

జగన్మోహనరావు గారు లోపలికీ బయటికీ తిరిగారు. కాగితం ఆయన చేతిలోనే ఉంది, మూలలకి పసుపు కూడా రాసి ఉంది. పెరుగు రాలేదు. పప్పే రాలేదు. ఖాళీ కడుపు మనిషితో మాట్లాడటం ఆయనకి అలవాటు లేదు. చివరికి నా పక్కన కుర్చీ లాక్కున్నారు.

"రెండేళ్ళు రాశానమ్మాయ్. నువ్వు మా ఇంటి పిల్లవి. ఆ నీలం చొక్కావాడిలా పొగరు చూపించే రకం కాదు."

"అంకుల్, ఒక్క మాట," అన్నాను. "నాకు రెండేళ్ళు వద్దు. ఒక్క ఏడు చాలు. ఆ రెండో ఏడు గోపీకి రాయండి. ఇద్దరం పక్కపక్కన కూర్చుని మీ పని చేసిపెడతాం."

ఇది నేను మనస్ఫూర్తిగానే అడిగాను. ఆయన ఊఁ అని ఉంటే అప్పటికప్పుడు పగ గిగ అన్నీ మడిచి పెట్టేసి సంతకం చేసేదాన్ని. మా ఇల్లు మళ్ళీ ఇల్లవుతుందంటే గుళ్ళో మాట కూడా దిగమింగేదాన్ని.

ఆయన నవ్వారు.

"నీకూ వాడికీ పోలికేమిటమ్మా? నీతో పోలిస్తే గోపీ బెంచీ మీద కూర్చునే ఆటగాడు. నీ మొహం చూసే వాణ్ణి అన్నాళ్ళు భరించాను."

గోపీ కట్టిన పేజీ మీద కూర్చుని, గోపీ నేర్పిన పోలికల మీద బతుకుతూ, ఆ మాట అన్నారు. నేను తలెత్తి మబ్బులకేసి చూశాను. చుక్క లేదు.

"అయితే అంకుల్, ఈ ఆదివారం మీరూ ఆంటీ మా ఇంటికి భోజనానికి రండి," అన్నాను. "ఆ కాగితం కూడా తెచ్చుకోండి."

ఆయన మొహం వికసించింది. "చూశావటే," అన్నారు ఆంటీతో, "మర్యాద తెలిసిన పిల్ల."

మబ్బు విడిచేట్టు లేదు, వేళ దాటింది కదా తినేద్దామంది ఆంటీ. మా అమ్మ చుక్క కనపడనిదే ముట్టదు, నేనూ అంతే అన్నాను. నిజానికి మబ్బు పట్టిన రోజు మా అమ్మ పంచాంగం చూసి హాయిగా తినేసేది. ఆ ఇంట్లో మెతుకు ముట్టకుండా బయటపడి, హౌగాంగ్‌లో బస్సు దిగి, హాకర్ సెంటర్లో వేడివేడిగా పరోటాలు తిన్నాను. శివుడు నన్నేమీ అనలేదు.

మేం అద్దెకున్న గది పాపమ్మ ఆంటీది. వాళ్ళ తాత ఎప్పుడో విశాఖ వైపు నుంచి రబ్బరు తోటల్లోకి వచ్చినవాడు. ఆమె తెలుగులో సగం అరవం, పావు మలయ్. ఆదివారం పొద్దున్నే నేను లిటిల్ ఇండియా నుంచి అరిటాకులు మోసుకురావడం చూసి వంటింట్లోకి వచ్చింది.

"ఏం మాసక్ చేస్తున్నావమ్మా ఇంత?"

"పులిహోర, గారెలు, గుత్తివంకాయ, గోంగూర," అన్నాను. సంగతంతా చెప్పాను. ఆమె బల్ల మీద కూర్చుని వంకాయల్ని నాలుగు పక్షాలుగా చీల్చిపెడుతూ వింది.

"అంత కోపముంటే వాడి కూరలో పిడికెడు ఉప్పు ఎక్కువెయ్ మరి."

"వద్దాంటీ. ఉప్పు సరిగ్గా ఉండాలి," అన్నాను.

ఉప్పు సరిగ్గానే ఉంది. నా జన్మలో అంత బాగా ఎప్పుడూ వండలేదు. జగన్మోహనరావు గారు పట్టుచొక్కా వేసుకుని వచ్చి, పసుపు రాసిన కాగితం కుర్చీ మీద పెట్టి, ఆకు ముందు కూర్చున్నారు. గుత్తివంకాయ మారు అడిగి వేయించుకున్నారు. నూనె పైకి తేలాలే, అదీ కూరంటే, అని భ్రమరాంబ ఆంటీకి చూపించారు. ఆయన చెయ్యి అడ్డుపెట్టినా వేళ్ళ సందుల్లోంచి నెయ్యి వేశాను.

"నువ్వూ కూర్చోవే," అంది భ్రమరాంబ ఆంటీ.

"వడ్డించేవాళ్ళుండాలి కదాంటీ."

లోపలికి వెళ్ళి పెరుగు తెచ్చాను. ముందు రాత్రి తోడేసిన పెరుగు, రాయిలా తోడుకుంది. ఆయనకి వేశాను, ఆంటీకి వేశాను. ఆయన అన్నం కలుపుకునేదాకా ఆగాను. మొదటి ముద్ద నోట్లోకి వెళ్ళింది. రెండోది చేతిలోకి వచ్చింది.

"అంకుల్," అన్నాను, "నా పొడిగింపు సంగతి ఆలోచించాను. మంగళవారంతో గడువు అయిపోతుంది, అంతే అనుకోండి. నేను ఇంటికి వెళ్ళిపోతున్నాను. నవనీత్ ఉన్నాడుగా, చూసుకుంటాడు."

ఆయన వెంటనే అర్థం చేసుకోలేదు. ముద్ద చేతిలో పట్టుకునే నవ్వబోయారు. నవ్వు సగంలో ఆగింది.

"పేజీ తెరిచేది శుక్రవారం కదమ్మా."

"అవునంకుల్."

"టొరంటో వాళ్ళకి నేనేం చెప్పను?"

"నాకు ఇక్కడి నీళ్ళు పడలేదని చెప్పండి. ఇంటి మీద బెంగని చెప్పండి."

ఆయన మొహం ఎర్రబడింది, నోరు తెరిచారు, అరుస్తారనుకున్నాను. కానీ ఎదురుగా నేను వేసిన ఆకు ఉంది, అందులో నేను వండిన అన్నం ఉంది. ఎంత చెడ్డా ఆయనా మా వైపువాడే, అన్నం ముందు కూర్చుని ఆడపిల్ల మీద అరవడం ఆయనకీ చేతకాలేదు. గొంతు తగ్గించారు.

"కూర్చో అమ్మాయ్. ఐదేళ్ళు రాస్తాను. గోపీని కూడా పిలిపిస్తాను. రేపే ఫోన్ చేసి నేనే మాట్లాడతాను. ఏమంటావు?"

సోమవారం సాయంత్రం ఇదే మాట అని ఉంటే ఆయన కాళ్ళకి దండం పెట్టేదాన్ని. ఇప్పుడది నన్ను చూసి ఇస్తున్నది కాదు, గోపీని చూసి ఇస్తున్నది అసలే కాదు. శుక్రవారాన్ని చూసి ఇస్తున్నది. ఆ చేత్తో వచ్చిన కాగితం మీద గోపీ మళ్ళీ ఆ ఆఫీసులో తల వంచుకుని కూర్చోవడం నాకు ఇష్టం లేదు. ఇంకో మాట కూడా ఉంది, అదే పెద్ద మాట. ఆయన మొహం అలా అయిపోవడం నాకు చాలా బాగుంది. దాన్ని ఐదేళ్ళకి అమ్ముకోబుద్ధి కాలేదు.

"ఇంకొంచెం పెరుగు వేయమంటారా అంకుల్?" అన్నాను.

ఆయన చేతిలో ముద్ద ఆకులో పడేశారు. లేచి, పాపమ్మ ఆంటీ సింకులో చెయ్యి కడుక్కుని, తుడుచుకోవడానికి గుడ్డ కోసం అటూఇటూ చూసి, దొరక్కపోతే పట్టుచొక్కాకే తుడుచుకుని తలుపు తీసుకుని వెళ్ళిపోయారు. లిఫ్టు దగ్గర ఆయన చెప్పుల చప్పుడు వినపడింది.

భ్రమరాంబ ఆంటీ ఇంకా ఆకు ముందే కూర్చుని ఉంది. నెమ్మదిగా తన పెరుగన్నం తినేసి లేచింది. నేను బొట్టు పెట్టి తాంబూలం ఇచ్చాను. ఆకులు, పళ్ళు, రవికెల గుడ్డ, కింద ఆయన తెచ్చిన పసుపు కాగితం. ఆమె దాన్ని చూసి, నన్ను చూసింది.

"ఆ రోజు ఈయనేం చెప్పబోతున్నారో నాకు తెలియదు నిఖిలా," అంది. "తెలియక వడ్డించాను. నువ్వు తెలిసి వండావు."

"అవునాంటీ. తెలిసే వండాను."

ఆమె తాంబూలం కళ్ళకద్దుకుని వెళ్ళింది. ఆ మాట నన్ను కుట్టలేదంటే అబద్ధం. ఆమె మంచిది. కానీ మంచివాళ్ళు వడ్డించబట్టే కదా ఆయన ఆట అన్నాళ్ళు సాగింది.

మంగళవారం దాకా ఆఫీసుకి వెళ్ళాను. ఏదీ చెడగొట్టలేదు, ఏదీ చెరపలేదు. పాస్‌వర్డులన్నీ నవనీత్‌కి అప్పజెప్పాను, అడిగినవాటికల్లా సమాధానం చెప్పాను. అడగనిదాని గురించి నేనెందుకు చెప్తాను? శుక్రవారం పేజీ తెరుచుకుంది. ఎర్ర చొక్కావాణ్ణీ నీలం చొక్కావాణ్ణీ పక్కపక్కన పెడితే ఎర్ర చొక్కావాడే గెలిచాడని చూపించిందట. టొరంటో అంతా నవ్వుకున్నారని నవనీతే తర్వాత ఫోన్ చేసి చెప్పాడు. సంక్రాంతి లోపు పత్రికవాళ్ళు పని వేరేవాళ్ళకి ఇచ్చేశారు. జగన్మోహనరావు గారి పొడిగింపు రాలేదు.

అదంతా తర్వాతి మాట. ఆ ఆదివారం సాయంత్రం ఆకులు తీసి పారేసి, గిన్నెలు కడిగి, ఫోన్ కార్డు పట్టుకుని బ్లాకు కిందికి దిగాను. వాన పడుతోంది. తెనాలికి లైను కలిసేదాకా నాలుగుసార్లు నొక్కాల్సి వచ్చింది. గోపీయే ఎత్తాడు. ఉద్యోగం వదిలేశానని ఎలా మొదలుపెట్టాలో తెలియక, జరిగింది జరిగినట్టు మొదటి నుంచీ చెప్పుకొచ్చాను.  

"ఏం వండావు?" అన్నాడు చివరికి.

చెప్పాను.

"అవేనా?"

"అవే."

"పెరుగు వడ్డించేదాకా ఆగావా?"

"ఆగాను. కలుపుకుని ఒక ముద్ద తిన్నాక చెప్పాను."

"మరి పెరుగన్నం పూర్తి చేశాడా?"

"ఎక్కడ? చేతిలో ముద్ద కూడా వదిలేసి లేచిపోయాడు."

అటు వెనకాల మా అత్తగారు ఎవరంటూ అడగడం, గోపీ ఆమెకి జవాబు చెప్పకపోవడం వినపడ్డాయి.

"నేను మొత్తం తిన్నాను," అన్నాడు గోపీ.

"తిన్నావు. ఆకు తుడిచినట్టు తిన్నావు."

"తిన్నాను కదా," అని నవ్వాడు. దసరా తర్వాత అతను నవ్వడం అదే మొదలు. అంత గట్టిగా నవ్వితే మా అత్తగారు కంగారుపడి ఉంటుంది. నవ్వు ఆగాక ఒక్క క్షణం ఊపిరి తీసుకుని, ఇన్నాళ్ళూ అడగని మాట అడిగాడు.

"ఎప్పుడొస్తున్నావే?"